మస్తాన్ భాయ్ పక్క సీటు

ఇండికేటర్ టక్‌టక్‌మంటే చాలు, నాకు మస్తాన్ భాయ్ గుర్తొస్తాడు. ఇవాళ ఇబ్రి రౌండబౌట్ దగ్గరా అంతే. మా కంపెనీ వ్యాన్ డ్రైవర్ ఆయన, కడప మనిషి. నేను జగిత్యాల నుంచి గల్ఫ్‌కు మేస్త్రీ పనికి వచ్చినవాణ్ణి. మేం పద్నాలుగు మందిమి రోజూ ఆయన వ్యాన్‌లోనే సైట్‌కి పోయేవాళ్లం. సైట్ పని ముగింపుకొచ్చింది. లైసెన్స్ తెచ్చుకుంటే డ్రైవర్‌గా ఉంచుకుంటాం, లేదంటే వీసా క్యాన్సిల్ అని మేనేజర్ నాకు తేల్చి చెప్పాడు.

నేనేమో లైసెన్స్ టెస్టులో రెండుసార్లు ఫెయిలయ్యాను. అదీ ఎక్కడ! డ్రమ్ముల మధ్య రివర్స్ చేశాను, ఎత్తు మీద ఆపి కదిలించాను. రోడ్డు మీద టెస్టు పెట్టే పోలీసాయన కుడికి, ఎడమకు అని చెప్పినంతసేపూ బాగానే నడిపాను. చివర్లో ఆయన, ఇక నేను చెప్పను, బోర్డులు చూసుకుని బహ్లా రోడ్డు పట్టుకో అన్నాడు. రెండుసార్లూ రౌండబౌట్ ముందు బండి ఆపేసి, ఆయన ఏమైనా అంటాడేమోనని ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను.

“తొమ్మిదేండ్లు ఎక్కమంటే ఎక్కినావ్, దిగమంటే దిగినావ్. దావ ఎట్ల తెలుస్తాదిరా నీకు?” అని మస్తాన్ భాయ్ విరుచుకుపడ్డాడు. మర్నాటి నుంచి నన్ను తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

“ముందర బోర్డు మీద ఏముందిరా? గట్టిగా చెప్పు.”

“బహ్లా, కుడి దిక్కు భాయ్.”

“రోడ్డు దాటేటోళ్లు ఎవురన్నా ఉండారా?”

“ఇద్దరున్నరు.”

పోతూ, వస్తూ ఇదే తంతు, మూడు నెలలు. “ఏందిర, భాయ్ బడి పెట్టిండా?” అని వెనకవాళ్లు నవ్వేవాళ్లు. నాకూ విసుగొచ్చేది. వీసా గుర్తొచ్చి మళ్లీ బోర్డులు చదివేవాణ్ణి.

మూడోసారి పోలీసాయన మాట ఆపగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. “బహ్లా, కుడి దిక్కు! పిల్లలు దాటుతున్నరు!” అని తెలుగులో అరిచాను. ఆయన ఉలిక్కిపడి “కిస్కో బోల్తా తుమ్?” అన్నాడు, ఎవరికి చెబుతున్నావని. అయినా పాస్ చేశాడు.

ఎగురుకుంటూ ఆఫీసుకు పోయాను. మస్తాన్ భాయ్ నా కాగితాన్ని ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత వ్యాన్ తాళాలు మేనేజర్ బల్ల మీద పెట్టి, మూడు నెలలుగా నాకు బోర్డులు కనబడటం లేదు సాబ్, బండి వీడికిచ్చి నన్ను ఇంటికి పంపించెయ్యండి అని హిందీలో చెప్పాడు.

అన్ని రోజులూ ఆయన నన్ను అడిగింది నేర్పడానికే అనుకున్నాను. నిజంగానే తెలియక అడిగాడు! బయటికి రాగానే ఆయన చొక్కా పట్టుకున్నాను.

“పద్నాలుగు మందిమి భాయ్! మా పానాలతోని ఆడుకున్నవా?”

ఆయన నా చెయ్యి తీయలేదు. “నీ కండ్లతోనే నడిపినాన్రా. ముందే చెప్పింటే ఆ పొద్దే పంపిచ్చేటోళ్లు. మా పాప నర్సింగు ఆఖరి సంవత్సరం, ఫీజు కట్టాల్సి ఉండె. నీకు నేర్పింది మాత్రం అబద్ధం గాదురా.”

వారం తిరక్కుండా ఆయన వెళ్లిపోయాడు. వ్యాన్ నా చేతికొచ్చింది. మొదటి రోజే అందరూ ఎక్కి, కిటికీలకు తలలు ఆనించి హాయిగా నిద్రపోయారు. నేనూ ఒకప్పుడు అలాగే నిద్రపోయేవాణ్ణి. తలచుకుంటే ఇప్పటికీ ఆయన మీద కోపం ముంచుకొస్తుంది. తింటున్నది మాత్రం ఆయన నేర్పిన విద్య మీదే.

“మస్తాన్ భాయ్ ఎందుకు పోయిండురా?” అని వాళ్లు అడిగితే కన్ను బాగలేదట అన్నాను. ఎప్పటి నుంచి అని ఎవరూ అడగలేదు. నేనూ ఇన్నేళ్లుగా చెప్పలేదు.