సూసన్న వదిన గొంతుకు ఒక కార్డు

ఆమోసన్న పిరికివాడు. ఈ మాట నేను ఆయన ముందే అంటాను, ఆయనా కాదనడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌ రైల్వే కాలనీలో వాళ్ల క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. పొద్దున్నే గోడ అవతల ఆయన గ్యాస్ కట్టేశాడో లేదో చూసుకోవడం, తాళం వేసి లాగడం, సందు చివరిదాకా వెళ్లి మళ్లీ వచ్చి అదే తాళం లాగడం వింటూనే నేను స్కూల్లో పాఠాలు చెప్పడానికి తయారవుతాను. "అన్నా, ఆ తాళానికి నోరుంటే నిన్ను తిట్టేది" అని ఎన్నిసార్లు అన్నానో. "తిట్టనీ ఉదయమ్మా, ఊడకుండా ఉంటే సాలు" అంటాడు.

అయితే ఆ భయమే ఆయనకు అన్నం పెట్టింది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బ్రేకులు బాగుచేసిన వ్యాగన్‌ను బయటికి పంపే ముందు మిగతావాళ్లు ఒకసారి చూసే బోల్టును ఈయన మళ్లీ మళ్లీ తట్టి చూస్తాడు. చూశాక రిజిస్టరులో ఇనీషియల్ కొడతాడు. వర్క్‌షాపు వాళ్ల భాషలో ఇనీషియల్ అంటే పొట్టి సంతకం. నేను చూశాను, అంతా సరిగ్గా ఉంది, జవాబుదారీ నాది అని అర్థం. అది పడందే అక్కడ ఏదీ కదలదు. ఆమోసన్న ఇనీషియల్ ఉంటే పైవాళ్లు ఇక చూడరని పేరు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన కాస్త ఛాతీ విరుచుకుంటాడు.

ఆయన భార్య సూసన్న వదిన తీరే వేరు. తలుపు బార్లా తీసిపెట్టి గోల్‌బజార్ చేపలకు వెళ్లిపోయే మనిషి. తెలుగు చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటుంది, ఆయన గిటారు వాయిస్తాడు. మేము హిందువులం. అయినా క్రిస్మస్ ఆరాధనకు ఏటా వెళ్తాను, అబద్ధమెందుకు, ఆమె గొంతు కోసమే వెళ్తాను. పై స్థాయికి వెళ్లినా ఆ గొంతు ఎక్కడా చీలదు. ఆమె పాడుతుంటే ఆమోసన్న వేళ్లు చూసుకోడు, చర్చి తలుపుల వైపు అనుమానంగా చూడడు. ఆయన ఏ భయమూ లేకుండా ఉండటం నేను చూసింది అక్కడొక్కచోటే.

మొన్నటి వానాకాలంలో వదిన గొంతు మీద గడ్డ తేలింది. కోల్‌కతా ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి థైరాయిడ్ గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు. ప్రాణానికి ఢోకా లేదు గానీ, మాటను ఆడించే సన్నని నరం ఆ గడ్డ పక్కనుంచే పోతుందట. గొంతు మారినా మారవచ్చు, ముందే చెబుతున్నాం అన్నాడు డాక్టరు. వదిన "ఠీక్ హై" అని లేచింది. ఆమోసన్న లేవలేకపోయాడు. కుర్చీలోంచి చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చిందని వదినే నవ్వుతూ చెప్పింది.

ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆయన అందరి ఫోన్లూ అడిగి వెతికాడు. పెళ్లిళ్లు, పండగలు, చర్చి కూడికలు, అన్నీ చూశాడు. ఎందులో చూసినా పదిమందితో కలిసి పాడిందే, లేకపోతే డ్రమ్ముల మోత కింద నలిగిపోయిందే. ఆమె ఒక్కదాని గొంతు విడిగా ఎక్కడా లేదు. ఇన్నేళ్లు పక్కన కూర్చుని వాయించాడే, ఒక్కసారి దాచిపెట్టుకోవాలని తోచలేదు. పక్కనున్నదాన్ని దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

పూరీ గేట్‌లో టోని అని ఒకప్పుడు బ్యాండు నడిపినవాడు ఉన్నాడు. అతని దగ్గర ఒక పెట్టె ఉంటే ఆమోసన్న తెచ్చుకున్నాడు. కాలితో నొక్కితే గిటారు మోతను రకరకాలుగా మార్చే పెట్టె. మైకు తగిలిస్తే పాటను కూడా రికార్డు చేసి, పక్కన దూర్చిన మెమరీ కార్డులో దాస్తుంది. దానిలో ఉన్న పాత కార్డు పాడైంది. "ముప్పై రెండు జీబీ దాటిన కార్డు పెట్టకు బాబాయ్, ఇది పాతకాలం పెట్టె, గుర్తుపట్టదు" అని టోని చెప్పి పంపాడు. నకిలీ కార్డుల సంగతి కూడా చెప్పాడు. అది చెప్పకుండా ఉంటే బాగుండేది.

ఆ శనివారం గోల్‌బజార్‌కు నన్ను కూడా లాక్కెళ్లాడు, ఇంగ్లీషు చదవడానికని. మొదటి దుకాణంలో బెంగాలీ దాదా పెద్ద కార్డు చూపించాడు. ఇది దూరదు అన్నాం. చిన్నది చూపించాడు. ఆమోసన్న దాన్ని వెలుతురుకు పెట్టి, అక్షరాల మీద గోరుతో గీకి, తిరగేసి చూసి ఇచ్చేశాడు. "ఎకదమ్ ఒరిజినల్, దాదా" అని అతను నొచ్చుకున్నాడు. రెండో చోటా అంతే. మూడో చోట నాకు ఒళ్లు మండింది.

"అన్నా, అది వ్యాగన్ కాదు. కార్డు. ఏదో ఒకటి తీసుకో."

"నీకు తెల్దమ్మా. పైన ముప్పై రెండని రాసుంటాది, లోపల నాలుగే ఉంటాది. నిండిపోయినాక కొత్త పాట తెచ్చి పాత పాట మీదే ఎక్కించేస్తాది. పైకి అన్నీ ఉన్నట్టే కనబడతాయి. వినబోతే ఉండవు."

"అయితే రెండు కొను. ఒకటి పోతే ఒకటి ఉంటుంది."

"రెండుంటే ఏది ఏటో కలిసిపోద్ది."

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. చేపల వరసకు ఎదురుగా నిలబెట్టి గట్టిగానే కేకలేశాను. ఆయన చేతిలో పెట్టె ఉన్న సంచీ గట్టిగా పట్టుకుని, "ఆ గొంతు ఎలిపోతే ఆ ఇంట్లో నాను ఎవరితో ఉండాలమ్మా?" అన్నాడు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. ఆయన భయం కార్డు మీద కాదని నాకు అప్పుడు తలకెక్కింది. అంతమందిలో అరిచినందుకు సిగ్గేసింది.

చివరికి, పెట్టెలో పెట్టి చూసుకోనిచ్చిన దుకాణంలో పాత నిల్వలోని ఒక్క జీబీ కార్డు తీసుకున్నాడు. స్టూలు మీద కూర్చుని చేపల బజారు గోలంతా కార్డు నిండేదాకా రికార్డు చేసి, మొదటినుంచి విని, సరేనన్నాడు. ఆ దాదా ఓపికకు దణ్ణం పెట్టాలి.

తర్వాత రోజూ సాయంత్రం ఆయన డ్యూటీ దిగగానే ముందుగదిలో రికార్డింగు. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, వదినను మైకు ముందు కూర్చోబెట్టేవాడు. ఆమె చిన్నగా దగ్గితే ఆపేసేవాడు. మళ్లీ మొదటినుంచి. చెమటలు కారుతూ పాడేది పాపం. "సూసినావా ఉదయా, బతికుండగానే నాకు జ్ఞాపకార్థ కూడిక పెట్టేసినాడు మీ అన్న" అని నాతో అనేది. చనిపోయినవాళ్లకు చర్చిలో పెట్టే కూడిక అది. నాకు నవ్వు వచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఆమోసన్న మాత్రం ఆ మాట వినగానే గిటారు కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

పాట అయ్యాక కార్డును పెట్టెలో ఉంచేవాడు కాదు. కరెంటు పోతుందేమో, పిడుగు పడుతుందేమో అని రోజూ ఊడబెరికి, చొక్కాకు తుడిచి, కాగితంలో చుట్టి, మాత్రల డబ్బాలో పెట్టి బీరువాలో దాచేవాడు. "నా ల్యాప్‌టాప్‌లోకి ఒక కాపీ ఎక్కిస్తానన్నా" అన్నాను. "మీ స్కూలు కంప్యూటర్లకు వైరస్ తగిలింది కదమ్మా, వద్దులే" అన్నాడు. నేను ఇంకాస్త పోట్లాడవలసింది.

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం వాళ్లు హౌరా బండి ఎక్కాలి. నేను దారికని పులిహోర పట్టుకెళ్లేసరికి ఆమోసన్న పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు.

"కార్డు పెడితే ఇనీషియల్ అడిగిందమ్మా. ఏసినాను. పాటలు కనబడ్డం లేదు."

"ఏమడిగింది?"

"ఇనీషియల్. ఎస్, నో అని కూడా వచ్చింది. సూసుకున్నావా అని కాబోలనుకున్నాను. అన్నీ సూసుకునే ఉన్నాను కదా. ఎస్ కొట్టినాను."

పెట్టె తెర మీదికి వంగి చూశాక నాకు అర్థమైంది. రోజూ పెరికి పెరికి, తుడిచి తుడిచి ఆ కార్డును ఆయనే అరగదీశాడు. పెట్టె దాన్ని గుర్తుపట్టలేక, 'ఇనీషియలైజ్' చెయ్యనా అని అడిగింది. ఉన్నదంతా తుడిచేసి కొత్త కార్డులా మొదలుపెట్టనా అని. ఈయన కంటికి అందులో కనబడింది తను బతుకంతా కొట్టిన ఇనీషియలే.

అది ఆయనకు ఎలా చెప్పానో నాకే తెలియదు. అరిచి ఉంటే బాగుండును, అరవలేదు. సంతకం కాదన్నా, చెరిపెయ్యమని అడిగింది, నువ్వు సరేనన్నావు అని చెప్పాను. ఆయన తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. టోనికి ఫోన్ చేస్తే ఆయాసపడుతూ వచ్చాడు. తన కంప్యూటరులో పెట్టి ఏదో వెతికాడు. గరగరమనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

ఈ గోలంతా విని వదిన లోపలినుంచి వచ్చింది. సంగతి తెలుసుకుని, "ఓస్, ఇంతే కదా. బండికి ఇంకా టైముంది. గిటారు తియ్యి" అని మైకు ముందు కూర్చుంది. ఆయన వాయించాడు. ఆమె నోరు తెరిచింది. గొంతు వణికింది. ఆపి, నీళ్లు తాగి, మళ్లీ ఎత్తుకుంది. ఈసారి అసలు రాలేదు. ఆమె చెయ్యి వెళ్లి గొంతు మీద గడ్డను పట్టుకుంది.

"రాదు ఉదయా. నాకు భయంగా ఉంది" అంది.

ఆ ఇంట్లో భయం ఆయన ఒక్కడిదే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆమె తన వంతు ఎక్కడ దాచుకుందో మరి. నేను వెళ్లి పులిహోర గిన్నెను వాళ్ల సంచీలో సర్దాను.

ఆసుపత్రికి నేనూ వెళ్లాను. పొద్దున్నే నర్సు కాగితాలు తెచ్చింది. ఆపరేషన్‌లో ఏమేం జరగవచ్చో రాసిన కాగితాలు. "ప్రతి పేజీలో ఇద్దరూ ఇనీషియల్ చెయ్యండి" అంది హిందీలో. ఆమోసన్న పెన్ను పట్టుకున్నాడు. పెన్ను కాగితానికి ఆనలేదు. వర్క్‌షాపులో ఎన్ని వ్యాగన్లకు కొట్టి ఉంటాడో, ఆ రెండక్షరాలు రాలేదు. నర్సు గడియారం చూసుకుంది. "ఒద్దు సూసన్నా, ఎలిపోదాం. గడ్డ ఉంటే ఉండనీ" అన్నాడు. 

"ఇలా తే" అని వదిన పెన్ను లాక్కుంది. "గొంతు నాది, గడ్డా నాదే" అంటూ అన్ని పేజీలమీదా చకచకా రాసేసింది. తర్వాత పెన్ను ఆయన చేతికిచ్చి, ఆ చెయ్యి పట్టుకుని తన అక్షరాల కింద ఆనించింది. ఆయన కొట్టాడు. గీతలన్నీ వంకరపోయాయి.

గడ్డ పోయింది. అది చెడ్డ గడ్డ కాదని కూడా తేలింది. గొంతు మాత్రం మారింది. బొంగురుగా, తడి లేకుండా, గాలి కలిసిపోయి వస్తుంది. కొన్నాళ్లకు బాగుపడవచ్చు, పడకపోనూవచ్చు అన్నారు డాక్టర్లు. పడలేదు. చర్చిలో ఇప్పుడు పాట ఎత్తుకునేది జెనీ అనే కొత్త పిల్ల. వదిన వెనక వరసలో కూర్చుని పెదవులు కదుపుతుంది. అలా ఉందని ఆమె ఏమీ కుంగిపోలేదు. అదే బొంగురు గొంతుతో చేపలవాడితో పోట్లాడుతూనే ఉంది.

మొన్న ఆదివారం గోడ దగ్గర మొక్కలకు నీళ్లు పోస్తుంటే ఆమోసన్న వచ్చి నిలబడ్డాడు. ఏదో అడగాలని వచ్చి అడగలేకపోతున్నాడు.

"ఉదయమ్మా, మీ వదిన పాత గొంతు నీకు గుర్తుందా?"

ఎందుకు లేదు అనబోయాను. వెతుక్కున్నాను. పాటలు గుర్తున్నాయి. చర్చి, కొవ్వొత్తులు, ఆమె కట్టుకున్న చీర గుర్తున్నాయి. ఆ పాటల్లో వినబడుతున్నది మాత్రం ఇప్పటి బొంగురు గొంతే. 

"నాకు రావడం లేదమ్మా" అన్నాడు ఆయన. "నిన్నటిదాకా కొంచెం వచ్చేది. పొద్దున్న లేచి సూస్తే లేదు. ఎంత పట్టుకున్నా ఈ గొంతే వస్తంది. నాను మర్సిపోతన్నాను."

గోడ అవతల వంటింటి కిటికీ తీసే ఉంది. గిన్నెల చప్పుడు ఆగింది. గాలి కలిసిన ఆ కొత్త గొంతు గట్టిగానే వినబడింది.

"సచ్చిపోయినోళ్ల గొంతు కదా గుర్తు సేసుకోవాలి. నానున్నాను కదా. రా, అన్నం సల్లారిపోతంది."