మోకాలి నొప్పి అని చెప్పాను

ఆ రోజు కొండ ఎక్కేటప్పుడు నాకేమీ కాలేదు. దిగేటప్పుడే అయింది.

నార్వే పడమటి తీరంలో ఒక చిన్న ఊరు. దోహా నుంచి వేసవి సెలవులకి వెళ్ళాం. మేమంటే నేను, మా వారు, అప్పుడే పదో తరగతి అయిన మా అమ్మాయి సాహితి, నేను కెమిస్ట్రీ చెప్పే స్కూల్లోనే లెక్కలు చెప్పే షాహీన్, ఆమె భర్త ఇర్ఫాన్. జులైలో దోహాలో గుమ్మం దాటి కారెక్కేలోపే ఒళ్ళు మాడిపోతుంది. చల్లటి చోట కొన్నాళ్ళు హాయిగా నడవాలని మా ముచ్చట. మేం ఎంచుకున్నవి పెద్ద శిఖరాలు కావు. అక్కడివాళ్ళు భోజనానికి ముందు కుక్కని వెంటబెట్టుకుని ఎక్కివచ్చే కొండలు.

బురద నేల మీద చెక్కలు పరిచిన దారి, ఆ తర్వాత గొర్రెలు మేసే పచ్చిక, ఆపైన రాతి మెట్లు. బండల మీద ఎర్ర రంగుతో గుర్తులు. అందరికంటే ముందు నేనే ఎక్కాను. పైనుంచి చూస్తే ఫ్యోర్డ్ కనిపించింది. సముద్రం కొండల మధ్యకి సన్నగా చొచ్చుకొచ్చి, మలుపు తిరిగి, ఇంకో కొండ వెనక్కి వెళ్ళిపోతోంది. నీళ్ళు నల్లగా నిశ్చలంగా ఉన్నాయి. అందులో ఓ తెల్లటి ఓడ కదులుతోందో లేదో తెలియడం లేదు. ఇర్ఫాన్ ఫ్లాస్కులోంచి అందరికీ టీ పోశాడు. నేను రెండు కప్పులు తాగాను.

దిగేటప్పుడు మొదటి ఎత్తైన మెట్టు మీద కాలు బలంగా ఆనేసరికి మూత్రం జారింది. ఆగాను. ఇంకో అడుగు వేశాను. మళ్ళీ జారింది. అంతకు ముందు కూడా గట్టిగా తుమ్మినప్పుడు ఒక చుక్క పడేది. పిల్లల్ని కన్న ఆడవాళ్ళకి మామూలే అనుకుని వదిలేశాను. ఇది అలా లేదు. ప్రతి అడుక్కీ జారుతోంది. వేసుకున్నది బూడిద రంగు ప్యాంటు. ఆ కొండ మీద చెట్టన్నది లేదు, చాటన్నది లేదు. రెయిన్ జాకెట్ విప్పి నడుముకి కట్టుకున్నాను. వాన పడితే బాగుండునని ఆకాశం వంక చూశాను. వాన పడితే అందరూ తడుస్తారు కదా.

"ఏంటి వాణీ, అలా నడుస్తున్నావ్?" అన్నారు మా వారు.

"మోకాలు పట్టేసిందండీ."

ఆ మాట అలా నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోలేకపోయాను.

మిగిలిన రోజులు మేం దిగిన చెక్క ఇంట్లోనే కిటికీ దగ్గర కూర్చున్నాను. వాళ్ళు రోజుకో కొండ ఎక్కి వచ్చి, ఫొటోలు చూపించేవారు. అందరూ బయటికి వెళ్ళాక ప్యాంటు ఉతికి హీటర్ దగ్గర ఆరేసుకున్నాను. సాయంత్రం షాహీన్ బామ్ డబ్బా పట్టుకుని నా ముందు కూర్చునేది.

"వద్దు షాహీన్, అదే తగ్గుతుంది."

"చుప్! కాలు ఇటియ్యి. గింత దూరమొచ్చి కిటికీలకెళ్ళి చూసుకుంట కూసుంటవా?"

ఏ నొప్పీ లేని నా మోకాలికి ఆమె శ్రద్ధగా మర్దన చేస్తుంటే తల వంచుకుని కూర్చున్నాను.

దోహా వచ్చాక మా వారు ఊరుకోలేదు. ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే నార్మల్. అయినా ఎందుకైనా మంచిదని ఎంఆర్ఐ తీయించారు. ఆ గొట్టంలాంటి మెషిన్లో కదలకుండా పడుకుని, ఒక్క మాట చెబితే ఇదంతా ఉండదు కదా అనుకుంటూనే, చెప్పకుండా బయటికి వచ్చాను.

"మేడమ్, మీ మోకాలు పర్ఫెక్ట్‌గా ఉంది. నొప్పి సరిగ్గా ఎక్కడ?" అని డాక్టర్ అడిగారు. ఒకసారి పక్కన చూపించాను, ఒకసారి వెనక చూపించాను. ఆయన విటమిన్ డి మాత్రలు రాసి పంపించారు.

స్కూల్ తెరిచాక నాకు నేనే ఒక వైద్యం కనిపెట్టుకున్నాను. నీళ్ళు మానేశాను. పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు గుక్కలు, అంతే. నల్ల సల్వార్లు తప్ప ఇంకేం వేసుకునేదాన్ని కాదు. ల్యాబ్‌లో బోర్డు దగ్గర నిలబడితే పిల్లల వైపు వీపు తిప్పాలంటే భయం. దగ్గు వస్తే టేబుల్ పట్టుకుని కాళ్ళు బిగించేదాన్ని. సెప్టెంబర్ ఉక్కపోతలో అలా ఎన్నాళ్ళు లాగగలను? ఒకరోజు చలి, వణుకు, నడుము పక్కన పోటు. స్టాఫ్‌రూమ్ నుంచి షాహీన్ నన్ను నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. మా వారు ఆఫీసు నుంచి అక్కడికే వచ్చారు.

డ్యూటీలో ఒక సుడానీ డాక్టరమ్మ ఉంది. కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకినట్టుంది, అడ్మిట్ అవ్వాలి అంది. "నీళ్ళు ఎంత తాగుతారు?"

"షి డ్రింక్స్ ఎనఫ్, డాక్టర్," అన్నారు మా వారు.

ఆమె మాత్రం నా ముఖమే చూస్తోంది.

"ఏవండీ, కాసేపు బయట ఉంటారా?" అన్నాను.

ఆయన వెళ్ళాక కూడా నాకు నోరు రాలేదు. ఫోన్ తీసి టైపు చేసి ఆమెకి ఇచ్చాను. నడిస్తే మూత్రం జారుతోంది, పాప పుట్టినప్పటి నుంచి కొంచెం కొంచెంగా ఉంది, అందుకే నీళ్ళు తాగడం లేదు అని.

చదివి ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"ఇప్పుడు నాకు తెలుసు. దీనికో పేరుంది. స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్, అంటే పొట్ట మీద ఒత్తిడి పడగానే మూత్రం జారడం. ట్రీట్‌మెంట్ కూడా ఉంది. ముందు ఈ జ్వరం సంగతి చూద్దాం."

నాకు ఏడుపొచ్చింది. ఏ పేరూ లేదనుకుని ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్నాను.

యూరిన్ కల్చర్, ఐవీ యాంటీబయాటిక్స్. వార్డులో ఉండగా మా వారికి చెప్పాను.

"నాతో కూడా చెప్పలేకపోయావా?"

"మీతోనే చెప్పలేకపోయానండీ."

ఇంటికొచ్చిన సాయంత్రం సాహితికి చెప్పాను. ఆడపిల్ల, తెలిసి ఉండాలి అనుకున్నాను. అది చదువుతున్న పుస్తకం మూసి, "తెలుసమ్మా," అంది.

"ఎలా తెలుసు?"

"ఆ రోజు కొండ దిగేటప్పుడు జాకెట్ కింద కనిపించింది. అందుకే నేను చివర్న దిగాను. మన వెనక ఒక ముసలావిడ కుక్కతో వస్తుంటే, ఫొటో తీయమని ఆపాను కూడా. నువ్వేమో ఎందుకే అంత నెమ్మది అని తిట్టావ్."

దాన్ని తిట్టిన సంగతి నాకు గుర్తే లేదు. నేను ఎవరూ చూడలేదని సంతోషించిన దారి పొడుగునా నా బిడ్డ నన్ను కప్పుతూ నా వెనకే నడిచింది. కొండ మీద పడ్డ సిగ్గు కంటే ఆ సాయంత్రం పడ్డ సిగ్గు ఎక్కువ. "నాకెందుకు చెప్పలేదే?" అంటే, "నువ్వు మోకాలన్నావ్ కదా," అంది.

తర్వాత యూరోగైనకాలజీలో చూపించుకున్నాను. బ్లాడర్ నిండుగా ఉన్నప్పుడు నిలబెట్టి దగ్గమన్నారు. దాన్ని కాఫ్ స్ట్రెస్ టెస్ట్ అంటారట. కింద పరిచిన కాగితం తడిసింది. నర్సు ఏమీ జరగనట్టే దాన్ని మడిచి తీసేసింది. మూత్రానికి వెళ్ళివచ్చాక, లోపల ఇంకెంత మిగిలిందో చూడడానికి ఒక స్కాన్ చేశారు. సాహితి పుట్టినప్పటి ఫోర్సెప్స్ డెలివరీ గురించి అడిగారు. పెల్విక్ ఫ్లోర్, అంటే మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కండరాలు, బలహీనపడ్డాయని చెప్పి ఫిజియోథెరపీకి పంపించారు.

అక్కడ మళ్ళీ పాత బుద్ధే. ఆ కండరాలు బిగించే వ్యాయామం ఎలా చేయాలో లోపల పరీక్ష చేసి చూపిస్తానని థెరపిస్ట్ అంటే, "అర్థమైంది, ఇంట్లో చేసుకుంటాను," అని వచ్చేశాను. కొన్ని వారాలు ఊపిరి బిగబట్టి కష్టపడి చేశాను. తగ్గకపోగా ఎక్కువైంది. తల వంచుకుని మళ్ళీ వెళ్ళాను. ఆ ఫిలిపినో అమ్మాయి ఈసారి పరీక్ష చేసి, "మ్యామ్, మీరు పైకి లాగడం లేదు, కిందికి నెడుతున్నారు," అంది. కండరం బిగింపుని చూపించే బయోఫీడ్‌బ్యాక్ స్క్రీన్ మీద గీత పైకి లేస్తే సరిగ్గా చేస్తున్నట్టు. ఆ గీత నిలకడగా లేవడానికి నాకు చాలా రోజులు పట్టింది. దగ్గబోయే ముందు, మెట్టు దిగబోయే ముందు బిగించడం కూడా ఆమే నేర్పింది.

మరుసటి వేసవి అదే తీరానికి, ఇంకో చిన్న కొండకి వెళ్ళాం. టికెట్లు కొనక ముందే షాహీన్‌కి అంతా చెప్పాను.

"యా అల్లా! మరి నా బామ్ డబ్బ అంతా ఉత్తగనే పాయె!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నాకు చెప్తే ఏమైతుండె వాణీ?" అంది.

ఆ కొండ ఎక్కాను. దిగేటప్పుడు ప్రతి ఎత్తైన మెట్టు దగ్గరా ఆగి, బిగించి, పక్కకి తిరిగి దిగాను. ప్యాడ్ పెట్టుకున్నాను, అది కొంచెం తడిసింది. పూర్తిగా పోలేదు. చాలకపోతే మూత్రనాళం కింద ఊతంగా పట్టీ వేసే స్లింగ్ ఆపరేషన్ ఉందన్నారు. ఇంకా నిర్ణయించుకోలేదు. ఇప్పుడు ల్యాబ్‌లో నా టేబుల్ మీద నీళ్ళ సీసా ఉంటుంది, మధ్యాహ్నానికల్లా ఖాళీ అవుతుంది. సిగ్గు పోయిందా అంటే, లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రెండుసార్లు లేచి వెళ్ళిపోయాను.

ఇది చదివేవాళ్ళలో నాలాంటి వాళ్ళుంటే ఒక్కటే చెబుతాను. నీళ్ళు మానకండి. డాక్టర్ ముందు నోరు రాకపోతే ఇంటి దగ్గరే ఫోన్లో టైపు చేసుకుని వెళ్ళండి, కూర్చోగానే చూపించండి. "దగ్గినా, నడిచినా మూత్రం జారుతోంది." ఇంతే రాయండి. మిగతాదంతా వాళ్ళే అడుగుతారు.