వెంటిలేటర్‌లోంచి దిగిన ఆరుకాళ్ల సాలెపురుగు

మా చిన్నప్పుడు... ఏప్రిల్ ఎండకు మా రైల్వే వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ మాడిపోతుంటే, ఆదివారం మధ్యాహ్నం మా వరుస పిల్లలందరం పక్క క్వార్టరు పద్మత్త ఇంట్లో చేరేవాళ్లం. టీవీ అందరికీ ఉంది... కూలర్ ఆవిడ ఒక్కరికే ఉంది.

ఒక ఆదివారం హిందీలోకి మార్చిన పాత ఇంగ్లిష్ సినిమా వేశారు. ఇంటి కప్పంత సాలెపురుగు. టోపీ పెట్టుకున్న తెల్లదొర "భాగో! భాగో!" అని అరుస్తుంటే, కిటికీ మీదుగా వెంట్రుకల కాలొకటి... ఒకే ఒక్క కాలు... నిదానంగా దిగింది.

నాకు ఎనిమిదేళ్లు. కెవ్వుమన్నాను. గౌను తడిసింది. ఇందులో నేను దాచుకోవలసిందేమీ లేదు.

"అరే, మకడీని చూసి ఈ మకడీ ఏడుస్తోందిరోయ్!" అన్నాడు పద్మత్త కొడుకు కిరణ్ అన్నయ్య. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మకడీ అంటే హిందీలో సాలెపురుగు. ఆ పేరు మర్నాటికి స్కూలు ఆటోలోకి, బుధవారానికి ప్రార్థన వరుసల్లోకి పాకింది.

శుక్రవారం స్కూలు వేదిక మీద నా మొదటి ఉపన్యాసం. పది రోజులు కంఠస్థం చేశాను. నోరు తెరిచానో లేదో, వెనక వరుసలోంచి కిరణ్ అన్నయ్య గొంతు సన్నగా... "మకడీ... మకడీ..." మొదటి వాక్యం దగ్గరే దిగిపోయాను.

నవ్వినవాణ్ని క్షమించవచ్చు. నోట్లో మాట లాక్కున్నవాణ్ని క్షమించే విద్య నాకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు.

అదే సినిమాను ఆదివారం మళ్లీ వేస్తామంటూ టీవీలో ఆ కాలు దిగే ముక్కే పదే పదే చూపించారు. ఈసారి కళ్లు మూసుకోలేదు. నాలుగోసారికి దొరికింది... కాలికి పైన సన్నటి తీగ! ఎవరో మనిషి పైన కూర్చుని లాగుతున్నాడు. నా భయం అక్కడికక్కడే ఆయన చేతి పనితనం మీద గౌరవంగా మారిపోయింది.

నాన్న వర్క్‌షాపులో గ్రీజు చేతులు తుడుచుకునే కాటన్ వేస్టు ఇంట్లో ఎప్పుడూ ఉండేది. నల్లగా, జిడ్డుగా, పీచులు పీచులుగా... దాన్ని ఇనప తీగకు చుట్టి కాళ్లు చేశాను. ఎనిమిదింటికి సరుకు చాల్లేదు. ఆరే అయ్యాయి. భయపడేవాడు లెక్కపెట్టడు కదా!

ఆదివారం. పద్మత్త పెరటి వైపు నీళ్ల డ్రమ్మెక్కి వెంటిలేటర్‌లోంచి చూస్తే టీవీ ఎదురుగా, కిరణ్ అన్నయ్య సరిగ్గా కింద. "మకడీ రాలేదేంటి? డర్‌పోక్! పిరికిపంద!" అంటున్నాడు స్నేహితులతో. నేను తొందరపడలేదు. తెర మీద కాలు దిగేదాకా ఆగాను. అప్పుడు నా సాలెపురుగుకు కట్టిన నల్లదారం వదిలాను... ఒకే ఒక్క కాలు... అతని మెడ మీదికి.

"అమ్మోయ్!" అన్న కేక పక్కపేట గుఢియారీ దాకా వినబడి ఉంటుంది. మరమరాల పళ్లెం ఎగిరిపోయింది. స్నేహితుల కళ్లెదుటే పద్మత్త చీర వెనక్కి దూరాడు.

"ఓలమ్మా, ఏటే ఇది! పిల్లోడి గుండాగిపోతే?" అంది పద్మత్త పైకి చూసి.

"నేనేడ్చినప్పుడు నవ్వారు కదత్తా... ఇప్పుడూ నవ్వండి," అన్నాను.

తర్వాతి శుక్రవారం అదే వేదిక, అదే ఉపన్యాసం. వెనక వరుస వైపే చూస్తూ చివరి వాక్యం దాకా చెప్పాను. తల దించుకున్నది నేను కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న కిరణ్ అన్నయ్య కాలనీ గ్రూపులో ఆ సినిమా ముక్క పెట్టి, "రబ్బరు బొమ్మ! పిల్లలు దీనికి ఏడ్చేవారట!" అని రాశాడు. అన్నయ్యా, నా జవాబు ఇది. ఈనాటి కంప్యూటర్ సాలెపురుగు వెంట్రుక వెంట్రుకనూ చూపిస్తుంది, మర్నాటికి గుర్తుండదు. పాతవాళ్ల బొమ్మ నాసిరకం కనుకనే దాచారు, ఆపారు, ఒక్క కాలు మాత్రం దించారు. మిగతా దేహాన్ని మన మెదడే అల్లుకుంది. అందుకే ఇన్నేళ్లయినా అది చావలేదు. దాని శక్తికి సాక్ష్యం కావాలా? నీ మెడనే అడుగు.

ఆ క్వార్టర్ల వెంటిలేటర్లకు ఇప్పుడు దోమల జాలీలు బిగించారు... తెర మీద ఏ సాలెపురుగుకీ లాగే తీగ కనబడదు... ఆదివారం మధ్యాహ్నాలు ఎవరి ఫోన్లో వారివే, కలిసి కేక వేసేవాళ్లే లేరు.

మిమ్మల్ని ఏడిపించిన పాత సినిమా ఏది? మీరు ఏడిస్తే నవ్వినవాడు ఎవడు? పేరుతో సహా రాయండి...

కిరణ్ అన్నయ్యా, నువ్వూ రాయొచ్చు. ఆ కాటన్ వేస్టు సాలెపురుగు మా రేకు పెట్టెలో భద్రంగా ఉంది. తీరిక దొరికినప్పుడు మిగతా రెండు కాళ్లూ చేశాను... కామెంటు పెట్టే ముందు ఒక్కసారి పైకి చూసుకో.