మిరపకాయల ఘాటు

మా అమ్మకు పొగంటే పగ. కాపురానికి వచ్చిన నాటి నుంచి పత్తికట్టె, కందికట్టె ఊదీ ఊదీ దగ్గు తెచ్చుకున్న మనిషి. అందుకే ఊళ్లోకి పొగ రాని పొయ్యిలు వచ్చినప్పుడు అందరికన్నా ముందు తనే తెచ్చుకుంది. ఊకను బిగించి చేసిన గుళికలు పోసి, కింద చిన్న ఫ్యాను తిప్పితే చాలు, మంట నీలంగా లేచేది. మిర్యాలగూడ చుట్టూ ఇన్ని మిల్లులుండగా ఊకకు కరువేముంది? చూస్తుండగానే ఆమె దగ్గు తగ్గింది. పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఆ చలికాలమే నేను రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చాను. బాలింత గది వెచ్చగా ఉండాలని అమ్మ పట్టు. పెద్దోడు పుట్టినప్పుడు కుంపటి పెట్టింది. కళ్లు మండుతున్నాయని నేను గోల చేస్తే తలుపు ఓరగా తీసి ఉంచేది. ఈసారి వంటయ్యాక, మంట ఆరి నిప్పులు మిగిలిన కొత్త పొయ్యిని గదిలోకి తెచ్చింది.

“పొగనే లేదు గద, తలుపెందుకు తెరుసుడు? పసిదానికి సల్లగాలి తగులుతది” అని తలుపు మూసి, సందులో పాత చీర కుక్కింది.

పొయ్యి బయటే వాడుకోమని ఇచ్చినాయన చెప్పే ఉంటాడు. మా ఇంట్లో వినబడింది మాత్రం పొగ రాదన్న ఒక్క ముక్కే.

కాసేపటికి నాకు తల పగిలిపోతున్నట్టయింది. కడుపులో తిప్పింది. పక్కలో బిడ్డ పాలకు లేవలేదు, తట్టినా కళ్లు తెరవలేదు. అమ్మను కేకేశాను.

“పొద్దుగాల వచ్చిపోయినోళ్ల కండ్లు పడ్డయి” అంటూ అమ్మ ఎండుమిరపకాయలు, ఉప్పు మా ఇద్దరి చుట్టూ తిప్పి ఆ నిప్పుల్లోనే పడేసింది.

ఘాటు గుప్పుమంది. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదని మా వైపు లెక్క. ఆ లెక్కను అమ్మ ఎన్నడూ అనుమానించలేదు. దగ్గుతూనే నా మొహంలోకి చూసింది.

“ఘాటొచ్చిందే. దిష్టి కాదు. మరి ఏందే ఇది?”

తలుపు లాగి, బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి ఉరికింది. నేను గోడ పట్టుకుని వెనకే వెళ్లాను. చల్లగాలి తగిలినా బిడ్డ ఏడవలేదు. మిర్యాలగూడ దవాఖానలో ఆక్సిజన్ పెట్టాకే మెల్లగా మూలిగింది. నిప్పు లేనిదే పొగ రాదని అందరం అంటాం. పొగ లేని నిప్పు మూసిన గదిలో కంటికి కనబడని విషగాలి నింపుతుందని డాక్టరమ్మ తిడుతూ చెప్తేగానీ మాకు తెలియలేదు.

ఇప్పుడు నా కూతురు నడుస్తుంది, నవ్వుతుంది. మాట మాత్రం ఇంకా రాలేదు. కొందరికి ఆలస్యమవుతుందంటారు సూర్యాపేట డాక్టర్లు. ఆనాటి దానికీ దీనికీ సంబంధం ఉందా అని అడిగితే చెప్పలేమంటారు. ఆ చెప్పలేమన్న మాటే నన్ను తినేస్తోంది. అమ్మ పొయ్యిని వాకిట్లోకి మార్చింది. దాని మీద కోపం తెచ్చుకుందామంటే, ఆమె దగ్గు నిజంగానే పోయిందాయె.

మొన్న వెళ్లినప్పుడు అమ్మ వాకిట్లో మనవరాలికి దిష్టి తీసింది. మిరపకాయలు నిప్పుల్లో వేసి పొయ్యి ముందు కూర్చుంది. దిష్టి మాటెత్తితే నవ్వేదాన్ని, ఆ పూట నేనూ ఘాటు రావద్దని మొక్కుకున్నాను. దిష్టయితే తీసేయొచ్చు కదా.

కాసేపటికి ముగ్గురం దగ్గడం మొదలుపెట్టాం.