బిగించి పట్టిన టేపు

దాదా ఖలందర్ తాత నలభై ఏళ్లు ఇళ్లకు బేతంచెర్ల బండలు పరిచినవాడు. పెళ్లివిందులో కూడా నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఆయనకు బిర్యానీ దిగదు.

వీధి వెడల్పు ఇరవై అడుగులు ఉండి తీరాలని ఊరి కౌన్సిలు తీర్మానించింది. తగ్గినచోట గోడకు ఎర్రగీత పెడతారు. మర్నాడు జేసీబీ వస్తుంది. పైవీధిలో అప్పటికే తొమ్మిది ఇళ్లకు ముందుగోడలు లేవు.

ఆ పొద్దు సర్వేయరు ఎదురింటి గోడనుంచి తాత గోడదాకా టేపు పట్టించాడు. అది మధ్యలో ఉయ్యాలలా వేలాడింది. "ఇరవై. బతికిపోతివి పెద్దాయనా" అన్నాడు.

తాత ముఖం చిట్లించాడు. "ఏమప్పా, అట్ల వేలాడితే అది కొలతా? ఎక్కువ సూపిస్తాది. ఇటియ్యి."

"నీకేమన్నా తిక్కనా? ఊరుకో!" అని గడపలోంచి భార్య మాబీ మొత్తుకుంది.

తాత వింటేనా! టేపు కొస లాక్కుని మంచం నులక బిగించినట్టు బిగించాడు. వీధంతా చేరి చూసింది. పంతొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు.

మిద్దె బరువంతా ఆ గోడమీదే ఉంది.

తాత చేతిలో టేపు మెల్లగా వదులైంది. "ఇంకోసారి సూడప్పా" అన్నాడు.

"అందరి ముందర నువ్వే తేలిస్తివి కదా. ఇంక నేనేం చేసేది?" అంటూ సర్వేయరు ఎర్రరంగు డబ్బా మూత తీశాడు.