యాభై నాలుగో గడి

తడిసిన జాజు మట్టి వాసన తగిలితే నాకు ముందు చిరాకు వస్తుంది, ఆ తరవాతే అనసూయక్క గుర్తొస్తుంది. ఈ ఉదయం ధారావిలో ఒక బడి గోడకు జాజులో ముంచిన దారం కొట్టాను. ఎర్రటి గీత తిన్నగా పడింది. వెనక నుంచి "అరే, జర ఆగు" అనే గొంతు మాత్రం లేదు. ఆమె పోయి రెండేళ్లు.

ముంబయి కామాఠిపురాలో, అందరివీ ఒంటిగది కాపురాలైన మా చాల్‌లో, పై అంతస్తులో ఉండేది. బడి పిల్లలకు బొమ్మలు నేర్పే సంస్థ ఆమెది. సంస్థ అంటే మొదట్లో ఒక బడి, ఒక రంగుల పెట్టె, ఆమె. నేను టైల్సు పరిచే మేస్త్రీని. చదువు ఏడుతో ఆగినా లెక్కలు సొంతంగా పట్టుబడ్డాయి కాబట్టి, గోడకు గళ్లు కొట్టమని నన్ను పిలిచింది. బొమ్మ వేసుకోవడానికి తలా ఒక గడి. గోడ పన్నెండడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు. హాజరుపట్టీలో నలభై ఎనిమిది మంది. అడుగున్నర చొప్పున వరసకు ఎనిమిది, ఆరు వరసలు. ఒక్క అంగుళం మిగల్లేదు. అంత చక్కగా కుదిరిన గోడ నాకు మళ్లీ దొరకలేదు.

మధ్యాహ్నానికి ఆమె మరో ఐదుగురిని వెంటేసుకొచ్చింది. ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన లేస్తున్న భవనంలో పనిచేసే పాలమూరు కూలీల పిల్లలు.

"వీళ్లు బడిల లేరు కదక్కా."

"గోడ మీద ఉంటరు."

"యాభై మూడు దేనితోని భాగం పోదు!"

"అయితే గీతలు జరుపు. పిల్లల్ని జరుపుతవా?"

ఏడు నిలువు గీతలూ తుడిచి, పదహారంగుళాలకొకటి చొప్పున ఎనిమిది కొట్టాను. యాభై నాలుగు గళ్లు. మిగిలినదాన్ని పక్కదాంట్లో కలిపేస్తానంటే, "ఉండనీ, ఇంకొకరొస్తరు" అంది.

మర్నాడు హెడ్మాస్టరు చూశాడు. "బాయీ, పట్టీలో లేని పిల్లల్ని పంపేయండి. లేదంటే క్లాసు బంద్."

"బంద్ చెయ్యండి సార్," అని పెట్టె ఎత్తుకుని నడిచింది. నాకు ఒళ్లు మండింది.

"ఉన్న ఒక్క బడీ పాయె. ఐదుగురి కోసం అందరికీ లేకుండ చేస్తివి. ఇదేం హిసాబక్కా?"

"హిసాబ్ నీకొస్తది గద. ఏ ఐదుగుర్ని తియ్యాల్నో పేర్లు పెట్టి చెప్పు."

ఆ మాటకు ఇంకా మండింది.

పది రోజులు అక్క ఆ కూలీలు పనిచేసే కట్టడం దగ్గరికి తిరిగింది. "మూడు నెలలైతే యాడికి పోతమో ఏమో," అందట ఒక తల్లి. "మూడు నెల్లే సదువనియ్యి," అందట ఈమె. ఐదు పేర్లూ ఆ బడి పట్టీలోనే రాయించింది. పిల్లలు తగ్గిపోతున్న తెలుగు బడి అది. హెడ్మాస్టరు తనే వచ్చి గేటు తీశాడు. సంగతి తెలిసి, పిల్లలు చాలక దిగులుపడుతున్న ఇంకో బడి నుంచి కబురొచ్చింది. అలా ఒకటి పదకొండయింది. పదకొండు చోట్లా ఆమె నా లెక్క చెడగొట్టింది.

ఈ ఉదయం పట్టీలో ముప్పై ఐదుగురు. నేను ఆరు వరసలు, వరసకు ఆరు కొట్టాను. "మేస్త్రీ, ఒకటి ఎక్కువైంది," అంది కొత్త టీచరు. "ఉండనీ," అన్నాను.

దారం చుడుతుంటే గుమ్మంలో ఒక పిల్ల, చెల్లెలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరు. ముప్పై ఏడు. అదీ దేనితోనూ భాగం పోదు.

అక్కను తిట్టుకుంటూ తడిగుడ్డ అందుకున్నాను.