చెయ్యి చాపిన ప్రమాణం

అర్ధవీడు చుట్టుపక్కల గొర్రెలు కాసేవాళ్లలో అంకన్నంత అనుమానపు మనిషి ఇంకొకడు లేడు. కంభం సంతలో పొట్టేలును కొనడానికి వచ్చినవాడు బేరమాడకపోతే, ఇందులో ఏదో మతలబు ఉందని దాన్ని ఇంటికి తోలుకొచ్చేస్తాడు. పశువుల డాక్టరు మందకు సూదులు వేయడానికి వస్తే ముందు ఒక ముసలి గొర్రెకు వేయించి, అది లేచి మేత మేసేదాకా తక్కినవాటి మీద చెయ్యి వేయనివ్వడు. రేపు వాన పడుతుందని ఫోనులో మెసేజ్ వస్తే, వీళ్లకు మనమీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందా అని ఆలోచిస్తాడు. భార్య చేసిన పులుసులో కొత్త రుచి తగిలినా ముద్ద ఆపి ఆమె మొహంలోకి చూస్తాడు. ఆమె పట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది.

ఇంత అనుమానం పెట్టుకున్నవాడు బతకాలంటే నమ్మడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అంకన్నకు అది ప్రమాణం. వయసులో ఉన్నప్పుడు మందలో మేలైన పొట్టేలు ఒకటి మాయమైతే జతగాడి మీద అనుమానపడ్డాడు. జతగాడు అంకాలమ్మ గుడిలో కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, నేను తీయలేదన్నాడు. అంతే, అంకన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరునాడు ఇద్దరూ కలిసే మందను అడవికి తోలుకుపోయారు. చెయ్యి చాపి చెప్పిన మాట తప్పినవాడి ఇల్లు నిలవదని ఆయన నమ్మకం. అందుకే తను మాత్రం ఎవరికీ, ఎంత చిన్న విషయానికీ ఒట్టు వేయడు.

అలాంటి మనిషి కూతురు కృష్ణకుమారిని ఆరో తరగతిలో చేర్పించడానికి హైస్కూలుకు వెళ్లేసరికి ప్రార్థన జరుగుతోంది. ఒక పిల్ల ముందు నిలబడి ఏదో చెబుతుంటే, పిల్లలంతా కుడిచేతులు ముందుకు చాపి ఒకే గొంతుతో అంటున్నారు. ఊళ్లో చిన్న బడిలోనూ ఇది ఉండేదే. ఆ వేళకు అంకన్న ఎప్పుడూ మంద వెంట ఉండేవాడు కాబట్టి చూడలేదు. చాపిన చేతులన్నిటినీ ఒక్కసారిగా చూసి ఆయన కంగారుపడ్డాడు. తిన్నగా హెడ్మాస్టరు మురళీధర్ గదిలోకి పోయాడు.

"సారూ, పిల్లకాయలతో ఏం ఒట్టు ఏయిస్తా ఉండారు?"

"ఒట్టు కాదు అంకన్నా, ప్రతిజ్ఞ. దేశాన్ని ప్రేమిస్తామని, పెద్దల్ని గౌరవిస్తామని చెబుతారు."

"తప్పితే ఏమవుతాది?"

"ఏమీ కాదు."

"రోజూ ఏయిస్తారా?"

"రోజూ."

"అంటే నిన్న ఏసింది ఇయ్యాల చెల్లదా? నమ్మకం లేకుంటే గదా సారూ, మళ్లా మళ్లా ఏయించుకునేది."

మురళీధర్ మంచివాడే కానీ, దేశం మాట వచ్చేసరికి ఊరుకోలేకపోయాడు. "ఇదేం ఆషామాషీ మాట కాదు. నోటితో అన్నాక కట్టుబడాల్సిందే. మీ కర్పూరం కంటే గట్టిది," అన్నాడు. గడియ కిందట ఏమీ కాదన్నది కూడా ఆ నోరే.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో దీనిమీద పెద్ద వాదనే జరిగింది. సైన్సు చెప్పే జోసెఫ్, "ఇష్టం లేని పిల్ల మర్యాదగా నిలబడితే చాలు కదా సార్, బలవంతంగా పలికిస్తే దేశభక్తి వస్తుందా?" అన్నాడు. ఒకరికి వదిలితే రేపు బడంతా నోరు మూసుకుంటుందని మురళీధర్ ఒప్పుకోలేదు. వాళ్లు ఎటూ తేల్చలేదు. అంకన్న మాత్రం ఇంటి దారిలోనే తేల్చేశాడు.

"చెయ్యి చాపు, నోరు మాత్రం తెరవాకు. దేనికి కట్టుబడతా ఉండామో మనకే తెలీదు," అన్నాడు కూతురితో. ఆ పిల్ల తలూపింది.

కృష్ణకుమారి పదో తరగతికి వచ్చింది. చదువులో చురుకు. గిద్దలూరు కాలేజీలో చేరి ఇంటర్ చదవాలని ఆశ. ఆ సంగతి తల్లితో చెప్పింది, తండ్రితో చెప్పడానికి జంకింది. ఇంతలో హనుమంతునిపాడు నుంచి అంకన్న అక్క పోలేరమ్మ వచ్చింది. కొడుకు శ్రీకాంత్ మార్కాపురంలో ఆటో తోలుతున్నాడు, పిల్లను వాడికియ్యమంది. పరీక్షలు కాగానే పెళ్లి, తాంబూలాలు మాత్రం ఎల్లుండే. పద్దెనిమిదేళ్లు నిండాలి కదా అని అంకన్న భార్య గొణిగితే ఎవరూ వినిపించుకోలేదు. సొంత అక్క, ఎరిగిన పిల్లోడు. అనుమానపడటానికి అంకన్నకు ఏమీ దొరకలేదు. అప్పుడు గడపలో నిలబడి కృష్ణకుమారి నోరు తెరిచింది.

"నేను బావను చేసుకోకూడదు నాయనా. ప్రమాణం చేసినా."

"ఏం ప్రమాణం?"

"బళ్లో రోజూ చేసేది. ఈ దేశంలోవాళ్లంతా నాకు సహోదరులని."

"సహోదరులంటే?"

"సారును అడుగు. నేను చెబితే నమ్మవు."

పోలేరమ్మ పడీపడీ నవ్వింది. "అట్లయితే దేశంలో ఎవురికీ పెళ్లిళ్లు కావు పో." పదో తరగతి పిల్లలంతా చెప్పుకునే జోకే అది. పోలేరమ్మకు బడికి పోకుండానే తట్టింది. అంకన్న మాత్రం నవ్వలేదు.

"నోరు తెరవద్దంటి గదా. తెరిచినావా?"

కృష్ణకుమారి తల వంచుకుని లోపలికి పోయింది.

ఆ రాత్రి అంకన్నకు కూడు సయించలేదు. పిల్ల తన మాట వినుంటే ప్రమాణం లేదు, ఎల్లుండి తాంబూలాలు. వినకుండా ఉంటే ఆ పెళ్లి చేసే ధైర్యం తనకు లేదు. అసలు ఈ ఎత్తు ఎవరు నేర్పారు? మురళీధరా, జోసెఫా, ఫోనా? ఒక్కొక్కరి మీదా అనుమానం తిరిగి తిరిగి చివరికి కూతురి దగ్గరే ఆగింది.

పొద్దున్నే బడికి పోయి హెడ్మాస్టరును సహోదరులంటే ఏందని అడిగాడు. మురళీధర్ ఇదేదో కొత్త తగాదా అనుకున్నాడు.

"సహ అంటే కలిసి. ఉదరమంటే కడుపు. ఒకే కడుపున పుట్టినవాళ్లు అంకన్నా."

"కర్పూరం కంటే గట్టిదంటిరి ఆ పొద్దు."

"ఇప్పటికీ అదే అంటాను."

ఒకే కడుపున పుట్టినవాళ్లు. అక్క కొడుక్కిస్తే అన్నకు చెల్లెలిని ఇచ్చినట్టే అని అంకన్నకు తోచింది. బెల్లు కొట్టారు. ఆయన బయటికొచ్చి నీళ్ల ట్యాంకు చాటున నిలబడ్డాడు.

కృష్ణకుమారి ఆడపిల్లల వరుసలో నిలబడి చెయ్యి చాపింది. మొదటి మాట అందరూ అన్నారు. ఆమె నోరు కదలలేదు. బంగారు తల్లి, నా మాట జవదాటలేదని అంకన్న పొంగిపోయాడు, తాంబూలాలు ఖాయమనుకున్నాడు. రెండో మాట, ఆ సహోదరుల మాట వచ్చింది. కృష్ణకుమారి ఉన్నట్టుండి గొంతెత్తి, పక్కపిల్ల తిరిగి చూసేటంత గట్టిగా ఆ ఒక్క మాటా అంది. మెడనరాలు తేలాయి. గొంతులో వణుకుంది. తర్వాత మళ్లీ నోరు మూసుకుని, తక్కినదంతా అయ్యేదాకా కదలకుండా నిలబడింది.

తోడేలు వాసన తగిలిన గొర్రె అరుపు అంకన్నకు తెలుసు. ఆ వణుకు ఆయన ఎరిగిందే. నా ఇంట్లో నా బిడ్డ ఇంత భయపడుతూ తిరుగుతుంటే నేను చూడలేదే అని బాధపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి పోలేరమ్మ తమలపాకులు తుడుస్తోంది.

"అక్కా, ఆకులు తీసిపెట్టు. పిల్ల ప్రమాణం చేసింది. ట్యాంకు చాటున నిలబడి నా చెవులతో విన్నా."

"నీకేమన్నా పిచ్చా? నువ్వు చాటున ఉండేది చూసి అనిందేమో. రోజూ అంటా ఉందో, ఇయ్యాలే అనిందో అడిగినావా?"

"లేదు."

"పొట్టేలు పళ్లు కూడా రెండుసార్లు చూసేవాడివి. అడగలేదా?"

"అడిగితే నిజం చెబుతాది అక్కా. అందుకే అడగను."